న్యూయార్క్‌లో నవంబర్, ఫీనిక్స్‌లో అక్టోబర్

2001 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒక్క దెబ్బ దగ్గరికే వచ్చి ఆగుతారు. ఏడో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్. అరిజోనా ఆటగాడు లూయిస్ గొంజాలెజ్ బ్యాట్ పిడికి దగ్గరగా తగిలిన బంతి గాల్లోకి లేచి, ముందుకు జరిగి నిలబడ్డ న్యూయార్క్ ఆటగాడు డెరెక్ జీటర్ తల మీదుగా వెళ్ళి పచ్చికలో పడటం. అరిజోనాలో ఇన్నేళ్ళుగా ఉంటున్నవాళ్ళకి ఆ దృశ్యం కంఠతా వచ్చు. నాకూ వచ్చు. అయినా ఆ సిరీస్ పేరెత్తగానే నా కళ్ళ ముందుకి వచ్చే మనిషి వేరు. యాంకీ స్టేడియంలో బంతి విసిరే పిచ్చర్ నిలబడే దిబ్బ మీద గొంతుక్కూర్చుని తల వంచుకున్న ఇరవై రెండేళ్ళ కొరియా కుర్రాడు, బ్యుంగ్ హ్యున్ కిమ్.

కిందటి దసరాకి మా పెద్దమ్మగారబ్బాయి న్యూజెర్సీ నుంచి చాండ్లర్‌లో మా ఇంటికి వచ్చాడు. అన్నయ్య ఆ సిరీస్ ఆడిన న్యూయార్క్ యాంకీస్ మనిషి, నేను మా అరిజోనా జట్టు డైమండ్‌బ్యాక్స్ మనిషిని. ఇన్నేళ్ళలో మేం కలిసిన ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి గృహప్రవేశంలోనూ ఆ సిరీస్ గొడవ వచ్చి తీరింది. కానీ ఇద్దరం ఒకే సోఫాలో కూర్చుని ఆ మ్యాచ్‌లు చూసింది మాత్రం లేదు. అప్పట్లో తను జెర్సీ సిటీలో, నేను టెంపీలో. ఇప్పుడు పాత ప్రసారాలు మొత్తానికి మొత్తం నెట్‌లో దొరుకుతున్నాయి. ఇంట్లో అందరూ పడుకున్నాక సౌండ్ తగ్గించి, మొదటి మ్యాచ్ నుంచి వరసగా చూస్తూ వచ్చాం. ఏ బంతికి ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. అయినా టెన్షన్ ఏమాత్రం తగ్గలేదు.

బేస్‌బాల్ అలవాటు లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. వరల్డ్ సిరీస్ అంటే ఆ ఏడాది ఫైనల్. ఏడు మ్యాచ్‌ల్లో ముందు నాలుగు గెలిచినవాళ్ళది కప్పు. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకి మూడు అవుట్లు. బ్యాటర్ మూడు బేస్‌లూ చుట్టి, మొదలుపెట్టిన హోమ్ ప్లేట్ దగ్గరికి తిరిగొస్తే ఒక పరుగు. సొంత మైదానంలో ఆడే జట్టు ఎప్పుడూ రెండోసారే బ్యాటింగ్ చేస్తుంది కాబట్టి ఆఖరి అవకాశం వాళ్ళదే. ముందంజలో ఉన్న జట్టు ఆ చివరి మూడు అవుట్ల కోసం ప్రత్యేకంగా ఒక పిచ్చర్‌ని దాచి ఉంచుతుంది. అతన్ని క్లోజర్ అంటారు. యాంకీస్ క్లోజర్ మరియానో రివెరా. ఆ ఆట పుట్టాక అంతటివాడు లేడని ఇప్పటికీ అంటారు. మా క్లోజర్ కిమ్.

నేను 2000లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఫీనిక్స్ వచ్చాను. టెంపీలో నా పక్క ఫ్లాట్‌లో షికాగో నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దాయన ఉండేవాడు. అక్కడి చలి పడలేక, రిటైరయ్యాక అరిజోనా చేరే షికాగో వాళ్ళు ఇక్కడ బోలెడుమంది. ఆయనకి ప్రాణమైన ఆటగాడు మార్క్ గ్రేస్. గ్రేస్ షికాగో కబ్స్‌కి 13 సీజన్లు ఆడి, ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ గడప తొక్కకుండానే 2001లో మా జట్టుకి వచ్చాడు. పెద్దాయన ఆ ఏడాది నుంచీ డైమండ్‌బ్యాక్స్ మ్యాచ్ ఒక్కటి కూడా వదల్లేదు. సాయంత్రం బాల్కనీలో రేడియో పెట్టుకుని, ఒళ్ళో స్కోరు పుస్తకం, చేతిలో పెన్సిల్‌తో కూర్చునేవాడు. నేను ఆఫీసు నుంచి వచ్చి అవతలి బాల్కనీలో బట్టలారేసుకుంటుంటే పిలిచి కుర్చీ వేశాడు. అలా మొదలైంది.

ఆ స్కోరు పుస్తకం చూస్తే నాకు ముచ్చటేసింది. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. షార్ట్‌స్టాప్ బంతి ఆపి ఫస్ట్ బేస్‌కి విసిరి అవుట్ చేస్తే గడిలో 6-3 అని రాయాలి. కొట్టదగ్గ బంతిని కొట్టలేకపోతే స్ట్రైక్, మూడు స్ట్రైక్‌లు పడితే స్ట్రైక్ అవుట్. బ్యాటర్ బ్యాట్ ఊపి మూడో స్ట్రైక్‌కి అవుటైతే ఇంగ్లీషు కె అక్షరం. బ్యాట్ కదపకుండా నిలబడిపోయి అవుటైతే అదే కె తిరగేసి రాస్తారు. పెద్దాయన పెన్సిల్ మొన ఎప్పుడూ సన్నగా చెక్కి ఉండేది. గడి దాటి ఒక్క గీత కూడా బయటికి పోనిచ్చేవాడు కాదు. ఒక మ్యాచ్ మొత్తం ఒక పేజీలో పట్టేస్తుంది. నెల తర్వాత తెరిచినా ఎవరు ఎప్పుడు ఏం చేశారో బంతి పోకుండా చదువుకోవచ్చు. క్రికెట్ స్కోర్‌బోర్డు చూస్తూ పెరిగినవాణ్ణి కదా, నాకు ఆ లెక్క తలకెక్కడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఆ ఏడాది క్రికెట్ కూడా అలాంటిదే. మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాదీ లక్ష్మణ్ ఆస్ట్రేలియా మీద 281 కొడుతుంటే మేమంతా రాత్రంతా మేలుకుని కంప్యూటర్‌లో స్కోరు పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాం. ఫాలో ఆన్ ఆడి గెలిచిన టెస్టు అది. ఓడిపోయిందనుకున్న ఆట తిరగబడటం ఎలా ఉంటుందో ఆ మార్చిలోనే రుచి చూశాను. అక్టోబర్ వచ్చేసరికి అదే అనుభవం అవతలి పక్షం నుంచి ఎదురైంది.

డైమండ్‌బ్యాక్స్ అప్పటికి పసిజట్టు. 1998లో పుట్టింది, అది నాలుగో సీజన్. ఊదా, నీలిపచ్చ రంగుల చొక్కాలు. ఇప్పుడు చేజ్ ఫీల్డ్ అంటున్న మైదానాన్ని అప్పట్లో బ్యాంక్ వన్ బాల్‌పార్క్ అనేవారు. పైకప్పు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, కంచె అవతల ఈతకొలను ఉంటుంది. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల ఏసీ చల్లగా కొడుతుండేది. మామూలు రోజుల్లో బాగా పైవరసల్లో చవక టికెట్లు దొరికేవి. అంత ఎత్తు నుంచి చూసినా ర్యాండీ జాన్సన్ మిగతావాళ్ళ మధ్య కొట్టొచ్చినట్టు కనబడేవాడు. మనిషి 6 అడుగుల 10 అంగుళాలు. ఆ ఏడాది 372 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. సీజన్ ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లో అతను విసిరిన బంతికి దారిన పోయే పిట్ట అడ్డొచ్చి ఈకలు మాత్రమే మిగిలాయి. అతనికి తోడు కర్ట్ షిల్లింగ్. ఇద్దరూ కలిసి ఆ సీజన్‌లో 43 మ్యాచ్‌లు గెలిపించారు. గొంజాలెజ్ 57 హోమ్ రన్‌లు, అంటే బంతిని కంచె దాటించే దెబ్బలు, కొట్టాడు. అవతల యాంకీస్ వరసగా మూడేళ్ళు, 1998 నుంచి 2000 దాకా, కప్పు ఎత్తినవాళ్ళు.

ఈలోగా సెప్టెంబర్ 11 వచ్చింది.

అన్నయ్య ఆఫీసు మిడ్‌టౌన్‌లో. రైళ్ళు ఆగిపోతే నడుచుకుంటూ నది ఒడ్డుకి వెళ్ళి, ఫెర్రీ ఎక్కి సాయంత్రానికి ఇల్లు చేరాడు. అప్పటిదాకా ఫోన్ కలవక ఇక్కడ నేను, విజయవాడలో పెద్దమ్మ పడిన అవస్థ చెప్పలేను. తర్వాత చాలా వారాలపాటు జెర్సీ సిటీలో కిటికీ తెరిస్తే కాలిన వాసన వచ్చేదని చెప్పేవాడు. ఇక్కడ నాలుగు రోజులకి, సెప్టెంబర్ 15న, మా పక్కనే ఉన్న మేసాలో బల్బీర్ సింగ్ సోధీ గారిని ఆయన గ్యాస్ స్టేషన్ ముందే కాల్చి చంపారు. తలపాగా, గడ్డం చూసి ద్వేషంతో చేసిన హత్య. మేం మనవాళ్ళం నలుగురం కలిసి సరుకులకి వెళ్ళాలన్నా ఆలోచించేవాళ్ళం. పక్క ఫ్లాట్ పెద్దాయన ఆ వారం మా తలుపు తట్టి, ఏ అవసరమొచ్చినా తనని పిలవమని, రాత్రయినా మొహమాట పడొద్దని చెప్పి వెళ్ళాడు.

ఉద్యోగాలు కూడా అప్పుడే పోయాయి. డాట్‌కామ్ దెబ్బ ముందే తగిలింది, సెప్టెంబర్ తర్వాత క్లయింట్లు ప్రాజెక్టులు ఆపేశారు. నన్ను తెచ్చిన కన్సల్టెన్సీ జీతం ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టింది. వీసా వాళ్ళ చేతిలో ఉంది, అడిగితే ఫోన్ ఎత్తరు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. సిరీస్ మొదలయ్యేనాటికి నేను పగలంతా రెజ్యూమెలు పంపించుకుంటూ, సాయంత్రం అయితే పెద్దాయన ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాణ్ణి. ఆ వారమంతా నాకు ఆ ఆట లేకపోతే ఏమైపోయేవాణ్ణో.

అక్టోబర్ 26న విజయదశమి, మర్నాడే మొదటి మ్యాచ్. ఫీనిక్స్‌లో జరిగిన తొలి రెండూ మాకు పండగలో భాగంగానే గడిచాయి. షిల్లింగ్ మొదటిది 9-1తో గెలిపించాడు. రెండోదాంట్లో జాన్సన్ ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తనే విసిరి 4-0తో ముగించాడు. మళ్ళీ చూస్తున్నప్పుడు ఈ రెంటికీ అన్నయ్య నోరు మెదపలేదు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

మూడోది మొదలవగానే ఫోన్ పక్కన పెట్టేశాడు. అక్టోబర్ 30, యాంకీ స్టేడియం. వరల్డ్ ట్రేడ్ సెంటర్ శిథిలాల్లో దొరికిన చిరిగిన జెండా పైన ఎగురుతోంది. అధ్యక్షుడు బుష్ లోపల బులెట్‌ప్రూఫ్ కవచం తొడుక్కుని దిబ్బ మీదికి నడిచి మొదటి బంతి విసిరాడు. అది నేరుగా స్ట్రైక్ పడింది. రాజకీయాల్లో ఎటువైపు వాళ్ళయినా ఆ రాత్రి స్టేడియంలో లేచి నిలబడ్డారని అన్నయ్య అన్నాడు. యాంకీస్ 2-1తో గెలిచారు.

ఇక నాలుగో మ్యాచ్. అది అక్టోబర్ 31, హాలోవీన్. ఫీనిక్స్ టైము న్యూయార్క్‌కి రెండు గంటలు వెనక. మాకింకా సాయంత్రమే కాబట్టి వేషాలేసుకున్న పిల్లలు వచ్చి తలుపు కొడుతూనే ఉన్నారు. పెద్దాయన చాక్లెట్ల గిన్నె నాకిచ్చి, బ్యాటింగ్ జరుగుతుంటే మాత్రం తను లేవనని ముందే చెప్పేశాడు. షిల్లింగ్ మూడు రోజుల విశ్రాంతితోనే దిగి ఏడు ఇన్నింగ్స్ ఆపాడు. మేం 3-1 ముందంజలోకి వచ్చాం. అప్పుడు మేనేజర్ బాబ్ బ్రెన్లీ షిల్లింగ్‌ని ఆపి ఎనిమిదో ఇన్నింగ్స్‌కే కిమ్‌ని పంపాడు. చెయ్యి నడుము కిందినుంచి తిప్పి విసురుతాడు. బంతి నేలలోంచి లేచి వచ్చినట్టు ఉంటుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వచ్చిన ముగ్గురినీ స్ట్రైక్ అవుట్ చేశాడు. పెద్దాయన వరసగా మూడు కె లు రాసుకున్నాడు.

తొమ్మిదిలో రెండు అవుట్లు పడ్డాయి, ఒక మనిషి బేస్ మీద ఉన్నాడు. ఇంకొక్క అవుట్ పడితే సిరీస్ 3-1. టీనో మార్టినెజ్ వచ్చి మొదటి బంతినే కుడివైపు కంచె దాటించాడు. స్కోరు 3-3. టీవీలో స్టేడియం ఊగిపోయింది. స్కోరు సమం కాబట్టి ఆట పదో ఇన్నింగ్స్‌కి వెళ్ళింది, దానికి కూడా కిమ్‌నే ఉంచారు. మళ్ళీ రెండు అవుట్లు చేశాడు. అప్పుడు జీటర్ వచ్చాడు. సరిగ్గా ఆ సమయంలో న్యూయార్క్‌లో అర్ధరాత్రి దాటింది. సెప్టెంబర్‌లో ఆటలు వారం రోజులు ఆపేయడం వల్ల సీజన్ వెనక్కి జరిగి, వరల్డ్ సిరీస్ మొదటిసారి నవంబర్‌లోకి అడుగుపెట్టింది. స్కోర్‌బోర్డు మీద నవంబర్ మొదలైందని చూపిస్తున్నారు. మాకు ఫీనిక్స్‌లో రాత్రి పది, ఇంకా అక్టోబరే. జీటర్ వరసగా బంతులు పక్కలకి తోలుతూ తోలుతూ చివరికి కుడివైపు కంచె మీదుగా కొట్టేశాడు. మ్యాచ్ పోయింది. ఆ రాత్రి నుంచి జీటర్‌కి మిస్టర్ నవంబర్ అని పేరు.

అప్పట్లో రాత్రి తొమ్మిది దాటితే సెల్‌ఫోన్ నిమిషాలు ఉచితం. ఫోన్ మోగింది. అవతల అన్నయ్య గొంతు వినబడట్లేదు, వీధిలో కేకలు, కారు హారన్లు. "ఒరేయ్, ఇన్నాళ్ళకి ఈ ఊరు నవ్విందిరా" అన్నాడు. నేను ఓడిపోయిన బాధలో ఉన్నాను. అయినా ఆ మాట విన్నాక తిట్టబుద్ధి కాలేదు.

షిల్లింగ్‌ని ఎందుకు తీసేశారన్న గొడవ ఇప్పటికీ ఆగలేదు. 88 బంతులే విసిరాడు, ఇంకో ఇన్నింగ్స్ ఉంచాల్సింది అంటారు. నేను ఒప్పుకోను. మూడు రోజుల విశ్రాంతితో వచ్చినవాడు, అతనితో ఏడో మ్యాచ్ అవసరం ఉంటుందని బ్రెన్లీ ముందే చూశాడు. నాకు కోపం మర్నాటి సంగతి మీద.

నవంబర్ 1, ఐదో మ్యాచ్. మేం 2-0 ముందున్నాం. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి సగంలో మా బ్యాటింగ్ జరుగుతుంటే, యాంకీ స్టేడియం మొత్తం కుడివైపు ఫీల్డింగ్ చేస్తున్న పాల్ ఓనీల్ పేరు పలుకుతూ చప్పట్లు మొదలుపెట్టింది. రిటైర్ కాబోతున్నాడు, సొంత మైదానంలో అదే అతని ఆఖరి ఆట. ఓడిపోయే మ్యాచ్ మధ్యలో, జట్టు రెండు పరుగులు వెనకబడి ఉండగా, ఒక మనిషికి వీడ్కోలు చెప్పడానికి అంత మంది అలా గొంతు కలపడం నేను ఏ ఆటలోనూ చూడలేదు. అన్నయ్య ఇక్కడ ఆపమన్నాడు, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాం. "కప్పు పోతే పోయింది, ఇది మాది" అన్నాడు.

తర్వాత కిమ్ వచ్చాడు. ముందు రాత్రి అరవైకి పైగా బంతులు విసిరిన చెయ్యి అది. క్లోజర్లు మామూలుగా ఒక రాత్రికి పదిహేనో ఇరవయ్యో విసురుతారు. రెండు అవుట్లు చేశాడు. ఒక మనిషి బేస్ మీద. స్కాట్ బ్రోషస్ కొట్టిన బంతి ఎడమవైపు లేచినప్పుడే బ్రోషస్ రెండు చేతులూ పైకెత్తేశాడు. వరసగా రెండో రాత్రి, అదే తొమ్మిదో ఇన్నింగ్స్, అవే రెండు అవుట్లు, అదే రెండు పరుగుల హోమ్ రన్. కిమ్ దిబ్బ మీదే కూలబడ్డాడు. ప్రసారంలో కెమెరా అతన్ని వదల్లేదు. టోపీ కింద మొహం సరిగా కనబడదు, భుజాలు మాత్రం కనబడతాయి. తోటి ఆటగాళ్ళు చుట్టూ చేరి భుజం మీద చెయ్యేశారు. పన్నెండో ఇన్నింగ్స్‌లో యాంకీస్ గెలిచారు, అప్పటికి కిమ్ మైదానంలో లేడు.

మొదటి రాత్రి అతన్ని పంపడం సరే. అంత విసిరాక మర్నాడే మళ్ళీ పంపడం ఆ కుర్రాడికి చేసిన అన్యాయం. ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను. అమెరికా అంతా చూస్తోంది, పైగా ఆ సెప్టెంబర్ తర్వాత దేశంలో సగంమంది మనసులో న్యూయార్క్ గెలవాలని ఉంది. తన భాష మాట్లాడేవాళ్ళు జట్టులో ఒక్కరూ లేరు. ఇరవై రెండేళ్ళు. మా పెద్దబ్బాయికి ఇప్పుడు అదే వయసు, ఇంకా వాషింగ్ మెషీన్‌లో ఏ రంగు బట్టలు కలపాలో వాళ్ళమ్మనే అడుగుతాడు. 2001లో చూసినప్పుడు కిమ్ నాకు ఈడువాడిలా కనిపించాడు. బెంచ్ మీద కూర్చుని, ఎవరి నిర్ణయం కోసమో ఎదురుచూస్తున్న నాకు, అతని వంగిన భుజాలు బాగా తెలిసినవాళ్ళవిలా ఉన్నాయి. ఇప్పుడు చూస్తుంటే కొడుకులా ఉన్నాడు. అన్నయ్య కూడా ఈసారి బ్రోషస్ హోమ్ రన్‌కి చప్పట్లు కొట్టలేదు. కిమ్‌ని చూపిస్తున్నంతసేపూ ఏమీ అనకుండా చూసి, "వీణ్ణి మేనేజర్ తిట్టాడా?" అని అడిగాడు. తిట్టలేదు, బ్రెన్లీ అందరి ముందూ అతన్ని వెనకేసుకొచ్చాడని చెప్పాను.

ఆరో మ్యాచ్ గురించి చెప్పడానికేం లేదు. ఫీనిక్స్ తిరిగొచ్చి 15-2తో చితక్కొట్టాం. అన్నయ్య మూడో ఇన్నింగ్స్ దగ్గరే ఏడో మ్యాచ్ పెట్టమన్నాడు, పెట్టేశాను.

నవంబర్ 4, ఆదివారం. షిల్లింగ్ ఒకవైపు, రోజర్ క్లెమెన్స్ ఒకవైపు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అల్ఫాన్సో సొరియానో హోమ్ రన్‌తో యాంకీస్ 2-1. పిచ్చర్లు సిద్ధమయ్యే చోటు, బుల్‌పెన్, తలుపు తెరుచుకుని ముందు రోజు ఏడు ఇన్నింగ్స్ విసిరిన జాన్సన్ బయటికి నడిచొచ్చాడు. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మ్యాచ్ అయ్యేదాకా మళ్ళీ కూర్చోలేదు. జాన్సన్ ఇంకో పరుగు రానివ్వలేదు. కానీ అవతల రివెరా ఉన్నాడు. సీజన్ తర్వాత జరిగే ప్లేఆఫ్స్ పోటీల్లో అంతకు ముందు వరసగా 23 మ్యాచ్‌లు కాపాడినవాడు. ఎనిమిదిలో ముగ్గురిని స్ట్రైక్ అవుట్ చేశాడు. మా గదిలో మాట లేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ముందు బ్యాటింగ్‌కి వచ్చింది మార్క్ గ్రేస్. పద్నాలుగేళ్ళుగా ఆ చోటు కోసం చూసినవాడు. బంతిని మధ్యలోంచి పంపి ఫస్ట్ బేస్ చేరాడు. పెద్దాయన ఏమీ అరవలేదు. పెన్సిల్‌తో గడిలో గీత గీశాడు, చెయ్యి వణికి గీత గడి దాటింది. తర్వాత డేమియన్ మిల్లర్ బంట్ చేస్తే, అంటే బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా ముందుకి తోస్తే, రివెరా బంతి పట్టి సెకండ్ బేస్ వైపు విసిరాడు, అది అదుపు తప్పి వెనక్కి పోయింది. రివెరా తప్పు! జే బెల్ బంట్ చేస్తే ఈసారి రివెరా సరిగ్గా థర్డ్ బేస్‌కి విసిరి అవుట్ చేశాడు, స్కోరు పుస్తకంలో 1-5. బ్రోషస్ అక్కడి నుంచి ఫస్ట్‌కి విసిరి ఉంటే రెండో అవుట్ కూడా దొరికేదని అన్నయ్య వాదన. విసరలేదు. టోనీ వోమాక్ కుడివైపు లైను వెంట డబుల్, అంటే సెకండ్ బేస్ దాకా చేర్చే దెబ్బ, కొట్టాడు, 2-2. క్రెయిగ్ కౌన్సెల్‌కి బంతి తగిలింది, అందుకు ఫస్ట్ బేస్ ఇచ్చారు. మూడు బేస్‌లూ నిండాయి. గొంజాలెజ్.

గెలుపు పరుగు థర్డ్ బేస్ మీద ఉంది కాబట్టి యాంకీస్ మేనేజర్ జో టోరీ బేస్‌ల దగ్గర నిలబడే ఇన్‌ఫీల్డర్లని ముందుకి జరిపాడు. వ్యాఖ్యాత టిమ్ మెకార్వర్ అప్పుడే చెప్పాడు, రివెరా బంతి ఎడమచేతి బ్యాటర్ల పిడి మీదికి దూసుకొస్తుంది, ఇలాంటప్పుడు దగ్గర్లో పడే మెత్తటి హిట్‌లు వస్తాయని. తర్వాతి బంతికే అది జరిగింది. బెల్ రెండు చేతులూ పైకెత్తి హోమ్ ప్లేట్ మీదికి దూకాడు. నాలుగో ఏడాదికే కప్పు కొట్టిన జట్టు అయ్యింది మాది. పెద్దాయన నన్ను గట్టిగా వాటేసుకుని, గ్రేస్ పేరు పదే పదే అంటూ ఏడ్చేశాడు. బయట కార్ల హారన్లు తెల్లవారుజాము దాకా వినిపించాయి.

ఆ ఓటమికి ఇంకో పక్క ఉంది, అది అన్నయ్యే నాకు చెప్పాడు. యాంకీస్ గెలిచి ఉంటే న్యూయార్క్‌లో ఊరేగింపు ఉండేది, యాంకీస్ ఆటగాడు ఎన్రీక్ విల్సన్ దానికోసం ఆగి, నవంబర్ 12న డొమినికన్ రిపబ్లిక్ వెళ్ళే అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం ఎక్కేవాడు. ఓడిపోవడంతో ముందే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ విమానం క్వీన్స్‌లో కూలి లోపలున్న 260 మందీ పోయారు. మేం ఓడిపోవడమే మంచిదైంది, స్నేహితుడు మిగిలాడు అని రివెరా తర్వాత అన్నాడు. ఆ రాత్రి మ్యాచ్ జారవిడిచిన రివెరానే 2019లో ఒక్క ఓటు కూడా తగ్గకుండా, ఆటలో మహామహుల్ని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు. అలా ఎన్నికైన మొదటివాడు అతనే.

నాకు డిసెంబర్‌లో వేరే కంపెనీలో పని దొరికింది, వీసా మార్చుకున్నాను, ఇక్కడే ఉండిపోయాను. కిమ్ సంగతి చాలామంది ఆ రెండు రాత్రులతోనే ముగించేస్తారు. అన్నయ్యకీ తర్వాత కథ తెలియదు. 2002లో కిమ్ 36 మ్యాచ్‌లు కాపాడి ఆల్-స్టార్ జట్టుకి ఎంపికయ్యాడు. ఆ జూన్‌లో డైమండ్‌బ్యాక్స్ మళ్ళీ యాంకీ స్టేడియం వెళ్ళినప్పుడు ఆఖర్లో అతన్నే పంపారు. మ్యాచ్ గెలిపించి, ఆఖరి అవుట్ పడగానే చేతిలో ఉన్న బంతిని ఎడమవైపు కంచె మీదుగా అవతలికి విసిరేశాడు. ఇది చెప్పినప్పుడు అన్నయ్య సోఫాలోంచి ముందుకి వంగి, "మా స్టేడియంలోనా?" అన్నాడు. అవునన్నాను. "మంచి పని చేశాడు" అన్నాడు.

ఈ సంక్రాంతికి నేను న్యూజెర్సీ వెళ్తున్నాను. 1996 సిరీస్ చూద్దామంటున్నాడు అన్నయ్య, అది యాంకీస్ గెలిచింది. సరే అన్నాను కానీ ఒక షరతు పెట్టాను. ముందు 2001 నాలుగో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్ మళ్ళీ చూడాలి. కిమ్ ముగ్గురికి ముగ్గురినీ స్ట్రైక్ అవుట్ చేసిన ఇన్నింగ్స్ అది. ఆ కుర్రాడు ఆ పది నిమిషాలూ ఎంత గొప్పగా విసిరాడో ఎవరూ చెప్పుకోరు.